రాని పాఠకుని లెక్క

(కమలాపురము గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)

   

ఈ రజతోత్సవ సభలో నన్ను మాటాడుమని కార్యవర్గమువారు కోరినపుడు, భారతములోని ఏదో యొక ఘట్టము నెత్తుకొని వ్యాఖ్యానింతునని వారు తలచినారు. లేనిచో ఇరువదియైదేండ్ల జమాఖర్చులు చదివి కూర్చుందునని తలచినారు. నేను ఎత్తుకొన్న విషయము విని ఇద్దరు మిత్రులు ముఖము చిట్లించిరి. "శుభమా యని పండుగ చేసికొనుచుంటిమి, ఈ అమంగళపు మాట ఎందుకయ్యా?" అనిరి. వారి మాట నాకు తెలియనిది కాదు. కాని వ్యాధిని వ్యాధియని పేరు పెట్టి పిలువకుండుటయే అంతకంటె అమంగళమని తలచి, మీ క్షమను ముందే వేడుకొని, నేను చెప్పదలచినది చెప్పెదను. వృద్ధులలో మనోవ్యాకులత, దానివలన కలుగు ఆత్మహత్యల ముప్పు, దానిని గూర్చి విద్వాంసులు పరిశోధించి కనుగొన్న సంగతులు: ఇదియే నా విషయము.

నేను వైద్యుడను గాను. గురుముఖమున శాస్త్రము నేర్చినవాడనును గాను. మా తాత ఈ ప్రాంతమున కరణీకము చేసెను. 1984లో ఆ పదవులు రద్దయ్యెను. నేను అంగళ్లకు, సంఘములకు లెక్కలు వ్రాసి జీవించుచున్నవాడను. అయినను ఊరు నన్ను నేటికిని కరణమనియే పిలుచును. నాకు వచ్చిన నాలుగు పద్యములును ఈ గ్రంథాలయపు బల్ల మీద, ఈ దీపము క్రింద, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని నేర్చుకొన్నవే. కావున లెక్కలవాని రీతిగనే మొదలు పెట్టెదను.

మన గ్రంథాలయమునకు పుస్తకములిచ్చు రిజిస్టరు ఒకటి కలదు. చాల కాలముగ దానిని నేనే వ్రాయుచున్నాను. అందులో ఒక పెద్దమనిషి పేరు పదునెనిమిదేండ్లు వరుసగా కనబడును. ఆయన పేరు చెప్పను. ఆయన కుటుంబమువారి మనసు నొప్పింపరాదు. ప్రతి శనివారము సాయంకాలము, మద్రాసు వైపు పోవు రైలు కూత వినబడు వేళకు వచ్చి, ఒక పుస్తకమిచ్చి ఒక పుస్తకము తీసికొని పోయెడివాడు. భార్య గతించిన పిమ్మట వారమునకొక పుస్తకము రెండు వారములకొకటి యయ్యెను. తరువాత నెలకొకటి. ఒకమారు తీసికొన్న పుస్తకమును పది పుటలు గూడ చదువకయే తిరిగి యిచ్చెను. "కండ్లు కనబడుట లేదా అన్నా?" అని అడిగితిని. "కండ్లు బాగున్నవి. మనసే పుట మీద నిలువదు" అనెను. నేను నవ్వి ఊరకుంటిని.

ఒక దినము ఆయన తన యొద్దనున్న పుస్తకములన్నియు సంచిలో వేసికొని వచ్చెను. చందా బాకీ తీర్చెను. డిపాజిటు సొమ్మును గ్రంథాలయమునకే వదలివేసెను. ఇంటనున్న స్వంత గ్రంథములు పన్నెండింటిని కూడ మనకే యిచ్చివేసెను. నేను సంతోషించితిని! లెక్కలవానికి బాకీ తీరుటకంటె సంతోషమేమున్నది? రశీదు వ్రాసి, చేతులు జోడించి, చేతికిచ్చితిని. పది దినములకు ఆయన తన ప్రాణమును తానే తీసికొనెను. ఎట్లన్నది నేను చెప్పను. అది తెలిసినందువలన ఎవరికిని మేలు లేదు.

ఆ రాత్రి రిజిస్టరు తెరచి వెనుకకు చూచుకొనుచు పోతిని. అంతయు అందులోనే యున్నది. వారము పక్షమగుట, పక్షము మాసమగుట, చదువని పుస్తకము తిరిగి వచ్చుట, కడపట ఉన్నదంతయు పంచిపెట్టుట. నా చేతితో నేనే వ్రాసిన పద్దులు. వ్రాసితిని గాని చదువలేదు. ఆనాటినుండి ఈ విషయమునకు సంబంధించినది ఏది దొరికినను చదువుచున్నాను. చదివినదానిని ఈ దినము మీకు ఒప్పగించుచున్నాను.

మొదట ఈ వ్యాధి ఏమో తెలిసికొందము. దుఃఖము వేరు, ఈ వ్యాధి వేరు. ఆలు పోయిన దినమున ఏడ్చుట, పంట ఎండిన ఏడు కుమిలిపోవుట, ఇవి వ్యాధులు కావు. మనుష్యధర్మములు. కాని రెండు వారములకు పైబడి, ఇంచుమించు దినమంతయు, ప్రతి దినమును మనసు కుంగియుండుట, ఇదివరకు ప్రీతి కలిగించిన దానియందు ప్రీతి లేకుండుట, నిద్ర చెడుట, ఆకలి చచ్చుట, ఒంట్లో సత్తువ లేకుండుట, తాను ఎందుకును కొరగానివాడనని తోచుట, చచ్చిపోయిన బాగుండునని తలచుట, ఇవి కలసి వచ్చినపుడు వైద్యులు దానిని వ్యాధి యందురు. మన పల్లెలవారు "మనాది పట్టుకొన్నది" అందురు. పేరేదైనను మధుమేహము వలె, రక్తపుపోటు వలె ఇదియు ఒక వ్యాధియే. మందు కలదు, మానుదల కలదు.

వృద్ధులయందు ఇది వేషము మార్చుకొని వచ్చును. వయసులోనున్నవాడు "నాకు దుఃఖముగా నున్నది" అని చెప్పుకొనును. ముసలివాడు చెప్పడు. మోకాళ్లు నొచ్చుచున్నవనును, కడుపులో మంటయనును, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చుచున్నదనును. మతిమరుపు వచ్చినట్లుండును, ముక్తసరిగా మాటాడును. ఇంటివారు "వయసైనది గదా, ఇంతే" అందురు. ఈ "ఇంతే" యను మాటయే ఎందరినో వైద్యునికి దూరము చేసినది. ముసలితనము వచ్చినందున మనసు కుంగవలెనన్న నియమమేమియు లేదు. ముసలివారిలో అత్యధికులు ఈ వ్యాధి లేకయే కాలము గడుపుచున్నారు. కావున కుంగినవానిని చూచి "ఇది సహజము" అనుట తప్పు.

ఇప్పుడు లెక్కలకు వత్తము. 2017-18లో మన దేశమంతట వార్ధక్యమును గూర్చి ఒక గొప్ప సర్వే జరిగినది. బొంబాయిలోని జనాభా శాస్త్ర సంస్థవారు దానిని నడిపిరి. 45 ఏండ్లు మొదలుకొని 72,000 మందికి పైగా ఇండ్లకు పోయి విచారించిరి. అందులో 60 ఏండ్లు నిండినవారు 31,000 మందికి పైబడి యున్నారు. ఆ వృద్ధులను ప్రశ్నలడిగి పరీక్షింపగా, నూటికి 8.3 మందిలో తీవ్రమైన మనోవ్యాకులత లక్షణములు కనబడెను. "నీకు ఈ వ్యాధి యున్నదని వైద్యుడెవడైన చెప్పెనా?" యని అడుగగా, అవునన్నవారు నూటికి 0.8 మంది మాత్రమే. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూడుడు. పదిమందికి వ్యాధి యుండగా ఒక్కనికి మాత్రమే దాని పేరు తెలిసినది. తక్కిన తొమ్మండుగురు మోకాళ్లకు నూనె రాచుకొనుచు కూర్చున్నారు.

రెండవ లెక్క మనకు మరింత దగ్గరిది. రాయలసీమలో పెద్ద జబ్బు చేసినవాడు వేలూరికి పోవుట మనకందరకు తెలియును. ఆ వేలూరి క్రైస్తవ వైద్య కళాశాలవారు తమ ఊరి చెంతనున్న కణియంబాడి బ్లాకులో ఇంచుమించు లక్ష జనమునకు, ఇంటింటికి తిరుగు ఆరోగ్య కార్యకర్తల ద్వారా, ప్రతి చావునకు కారణమును విచారించి వ్రాసి పెట్టుచు వచ్చిరి. 1990ల నడిమి నుండి 2000ల తొలినాళ్ల దాక వారు చూచిన లెక్కలో, 55 ఏండ్లు దాటినవారిలో ఏటికి లక్షకు 189 మంది ఆత్మహత్య చేసికొన్నట్లు తేలినది. ఆ కాలమున దేశమంతటికి, అన్ని వయసులవారికి కలిపి, పోలీసు లెక్కలు చెప్పినది లక్షకు సుమారు 11. కణియంబాడి యంతటి స్థితి దేశమంతట నున్నదని నేననుట లేదు. కాని గడప గడపకు పోయి అడిగినవాని లెక్కకును, కాగితము మీదికి వచ్చినదానిని మాత్రమే కూడినవాని లెక్కకును ఎంత వ్యత్యాసముండునో లెక్కలవాడనగు నాకు అర్థమైనది. ఇంట జరిగిన చావును "కడుపునొప్పి" యని వ్రాయించుట మనమెరుగనిది కాదు గదా!

జాతీయ నేరనమోదు సంస్థవారి లెక్క ప్రకారము 2022లో మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరి. ప్రపంచమంతట 2021లో 7,27,000 మంది యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. విద్యార్థి పోయిన పత్రికలో వచ్చును, రైతు పోయిన శాసనసభలో చర్చ వచ్చును. రావలసినదే. ముసలివాడు పోయిన "పండినాకు రాలినది" అందురు. పండి రాలుట వేరు, త్రెంపుకొనుట వేరు.

పరిశోధకులు మరియొక సంగతి కనుగొనిరి. వయసువారిలో ప్రయత్నములు ఎక్కువ, వానిలో మరణమునకు దారితీయునవి తక్కువ. వృద్ధులలో ప్రయత్నించినవారు తక్కువ, బ్రతికి బయటపడువారు మరింత తక్కువ. శరీరము బలహీనము. ఇంట ఒంటరితనము. పైగా ముందుగ ఎవరికిని చెప్పరు. కావున వృద్ధుని నోట ఒక్కమారు ఆ మాట వచ్చినను, రెండవమారు వచ్చుదాక ఆగరాదు.

ఈ స్థితి ఎందుకు కలుగుచున్నది? కారణము ఒక్కటి కాదు. మనోవ్యాకులత మొదటిది. దానికి తోడు తీరని నొప్పి, నిద్రలేమి, జీవితభాగస్వామి మరణము, ఒంటరితనము, అప్పు, త్రాగుడు, ఇంట మాట చెల్లకుండుట. మన సీమలో ఇంకొకటి కలదు. వానలు కరవై, బోరులు ఎండి, బిడ్డలు బెంగుళూరికి, హైదరాబాదుకు, మన జిల్లా నుండి వేలాదిగా కువైటునకు పోయినారు. డబ్బు పంపుచున్నారు, ఫోనులో ముఖము చూపుచున్నారు. తప్పు వారిది కాదు, పొట్ట వారిని తీసికొని పోయినది. కాని సాయంకాలము అరుగు మీద ప్రక్కన కూర్చుండువాడు లేడు. ఇవన్నియు చేరి వృద్ధుని మనసున ఒక్క మాటగా గడ్డకట్టును: "నేను బరువైనాను." ఈ మాటను పరిశోధకులు చాల ప్రమాదకరమైనదిగా గుర్తించిరి. మన యింట ఈ మాట వినబడినచో, "ఛ, అట్లనవద్దు" అని నోరు మూయించుట చాలదు. కూర్చుండి వినవలెను.

వినుట యనగానే నాకు ఉద్యోగపర్వము జ్ఞప్తికి వచ్చుచున్నది. రాయబారము చేసి వచ్చిన సంజయుడు, సంగతులన్నియు రేపు సభలో చెప్పెదనని పోయెను. ముసలి ధృతరాష్ట్రునకు ఆ రాత్రి కంటికి కునుకు రాలేదు. ఒళ్లంతయు మండుచున్నట్లుండెను. విదురునికి కబురంపెను. మనము విదురనీతిని నీతుల మూటగా చూచుటకు అలవాటుపడితిమి. కాని దాని మొదలు చూడుడు. విదురుడు వచ్చి మొట్టమొదట ఉపదేశింపలేదు. నిద్ర ఎవరెవరికి పట్టదో చెప్పి, వానిలో నిన్ను బాధించునది ఏదియని ప్రశ్నించెను. పిదప రాత్రి యంతయు ఆ ముసలివాని ప్రక్కన కూర్చుండెను. నిదురరాని వృద్ధుని యొద్దకు నడిరేయి పిలిచినను వచ్చువాడొకడు ఆ హస్తినాపురమున ఉండెను. మన కమలాపురమున ఎందరికి అట్టి విదురుడున్నాడు?

ఇంకొక ఘట్టము సుందరకాండ నుండి. లంక యంతయు వెదకి సీత కానరాక, ఆ మహాబలుడగు హనుమంతుడే నిరాశలో పడెను. ప్రాణము విడిచెదనా యని కూడ తలపోసెను. అంతటివానికే ఆ తలపు వచ్చినదనిన, అది వచ్చినవాడు పిరికివాడనియు పాపియనియు మనమెట్లనగలము? కాని హనుమంతుడు ఆగి ఆలోచించెను. చచ్చినచో కీడులు పెక్కు, బ్రతికియున్న మేలు చూచుటకు వీలుండునని తలచెను. అప్పుడు కనబడెను, తాను ఇంకను వెదకని అశోకవనము. వెదకని చోటు ఒక్కటి మిగిలియుండగనే ఆశ లేదని తలచుట, ఈ వ్యాధి లక్షణమే. రోగికి ఆ మిగిలిన చోటు కనబడదు. కనబడునట్లు చేయుటయే వైద్యునిపని, బంధువులపని, పొరుగువారిపని.

అట్టి ప్రయత్నములు జరిగినవా? జరిగినవి. ఫలించినవి. మూడు చెప్పెదను.

మొదటిది అమెరికాలోనిది. న్యూయార్కు, ఫిలడెల్ఫియా, పిట్సుబర్గు ప్రాంతములలో 20 సాధారణ వైద్యశాలలను ఎన్నుకొని, 60 ఏండ్లు దాటిన రోగులపై పరిశోధించి, ఫలితములను 2004లో ప్రకటించిరి. కొన్నిచోట్ల ఎప్పటి వైద్యమే. కొన్నిచోట్ల మాత్రము ఒక ఆరోగ్య కార్యకర్తను నియమించి, రోగిని విడువక కనిపెట్టుచు, మందు తీసికొనుచున్నాడో లేదో విచారించుచు, వైద్యునికి తెలియజేయుచు వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. ఆ కనిపెట్టి చూచినచోట చావు తలపులున్నవారు నాలుగు నెలలలో నూటికి 29.4 నుండి 16.5కు దిగిరి. తక్కినచోట 20.1 నుండి 17.1కి మాత్రమే. వైద్యమునకు తోడు, వదలక వెంటనుండు మనిషి ఒకడు చేరినందువలన వచ్చిన వ్యత్యాసమిది.

రెండవది గోవాలో జరిగినది. కొద్దిపాటి కుంగుబాటు లక్షణములున్న 60 ఏండ్లు దాటిన 181 మందిని రెండు పాళ్లు చేసిరి. ఒక పాలువారికి, డాక్టర్లు కాని, కొలదిగా తర్ఫీదు పొందిన సామాన్యులే సలహాలు చెప్పిరి. సమస్యను ముక్కలుగా చేసికొని పరిష్కరించుట, నిద్రను చక్కబరచుకొనుట, మధుమేహము వంటి జబ్బులను చూచుకొనుట, ప్రభుత్వపు సాయము తెచ్చుకొనుట, ఇవియే వారు నేర్పినవి. ఏడాది తిరిగిన పిమ్మట చూడగా వీరిలో 91 మందికి నలుగురు, తక్కినవారిలో 90 మందికి 13 మంది తీవ్రవ్యాధికి లోనైరి. ఇది 2019లో ప్రకటితమైనది. వ్యాధి ముదురకమునుపే ఆపవచ్చునని దీనివలన తేలినది. ఆపుటకు పెద్ద పెద్ద భవనములు అక్కరలేదనియు తేలినది.

మూడవది మన ఆంధ్రదేశములోనిదే. పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామములు 30లో ఆశా కార్యకర్తలు చేతిలో చిన్న యంత్రమును పట్టుకొని ఇంటింటికి పోయి, అయిదు వేల మందికి పైగా పెద్దవారిని ప్రశ్నలడిగిరి. అన్ని వయసులవారును అందులో నున్నారు. 238 మందికి మానసిక వ్యాధి లక్షణములున్నట్లు కనబడెను. అంతకుముందు వారిలో వైద్యుని చూచినవారు ఇద్దరే. ఈ ప్రయత్నము తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు వద్దకు పోయినవారు 30 మంది. ఇద్దరు ముప్పది మందియైరి, సంతోషము. కాని తీసివేత చేసి చూడుడు. 208 మంది పోలేదు. వ్యాధి యున్నదని చెప్పినను, డాక్టరున్నాడని చెప్పినను, గడప దాటలేదు. తెలియుటకును, పోవుటకును నడుమ ఒక దూరమున్నది. చేయి పట్టుకొని నడిపించువాడు లేనిదే ఆ దూరము తరగదు. నా ప్రసంగమంతయు ఈ 208 మంది కొరకే.

ఆ దూరమును నేను ఒక్కమారు నడచి చూచితిని. ఆ సంగతి చెప్పి ముగింపునకు వత్తును.

ఆ పెద్దమనిషి పోయిన మరుసటి ఏడు మా మేనత్త అన్నము తగ్గించెను. తెల్లవారకముందే లేచి గోడకానుకొని కూర్చుండెడిది. దసరాకు కొత్తచీర తెచ్చిన, కోడలికి ఇచ్చివేసెను. చెవుల కమ్మలు తీసి మనుమరాలికిచ్చెను. ఇంటివారు "అత్తకు ఎంత వైరాగ్యము" అని మురిసిరి. నా గుండె ఝల్లుమనెను. ఆ పన్నెండు పుస్తకములు నా కన్నుల ముందు మెదలెను. ఆ సాయంకాలము ప్రక్కన కూర్చుండి, నోరు పెగలక పెగలక అడిగితిని.

"అత్తా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. బతకబుద్ధి కాకుండా ఉందా నీకు? సచ్చిపోదామని ఏమన్నా అనిపిస్తాందా?"

ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత నా చేయి పట్టుకొని, "అబ్బీ, ఈ మాట ఎవురన్నా అడుగుతారేమోనని మూన్నెల్లుగా చూస్తాండా" అనెను. ఆ పిమ్మట ఏడ్చెను. ఏడ్చిన తరువాత ఆ రాత్రి రెండు ముద్దలు తినెను.

"అట్లడుగరాదు, అడిగిన లేని తలపు పుట్టును" అని లోకమందును. నేనును భయపడితిని. కాని దీనిని పరిశోధించినవారు, అడిగినందువలన ఆ తలపు పుట్టదనియు, పెరుగదనియు, పైగా మనసు కొంత తేలికపడుననియు చూపినారు. మరునాడు ఆమెను కడపకు పిలుచుకొని పోతిమి. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక విభాగమున డాక్టరు చూచి మందు వ్రాసెను. "ఈ మందు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును, తొందరపడి మానరాదు, కొంచెము బాగుపడగనే ఆపరాదు" అనెను. ఆ వారములలో ఆమెను ఒంటరిగా విడువలేదు. ఇంటనున్న పురుగుమందులు మా దాయాది కొట్టమునకు చేర్చి తాళము వేయించితిమి. నాలుగవ వారమున ఒకనాడు "ఆ భారతం యాడిదాకా వచ్చింది అబ్బీ?" అని అడిగెను. నాకు అంతకంటె తీపి మాట ఇంకొకటి లేదు. ఆమె ఈ దినము ఈ సభలోనే కూర్చుండి యున్నది. ఈ మాటలు చెప్పుటకు నాకు అనుమతి నిచ్చినదియు ఆమెయే.

తాళము మాట చిన్నదని తలపవలదు. శ్రీలంక ప్రభుత్వము 1995 మొదలుకొని మిక్కిలి విషపూరితములగు పురుగుమందులను వరుసగా నిషేధించినది. 2015 నాటికి అక్కడి ఆత్మహత్యలు నూటికి 70 వంతులు తగ్గెననియు, 93,000 ప్రాణములు దక్కెననియు అంచనా. చావు తలపు అల వంటిది. లేచును, పడును. లేచిన గడియలో చేతికందనిచో, చాలమంది బ్రతుకుదురు. కావున రైతు సోదరులారా! మందు డబ్బాలను ఇంట, పండుకొనుచోట ఉంచకుడు. తాళము వేయుడు. తాళపుచెవి ఇంకొకరి చేతనుంచుడు.

పోలీసు భయమువలన ఆసుపత్రికి పోనివారున్నారు. వారికొక మాట. 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము, ప్రయత్నించి బ్రతికినవాడు తీవ్రమైన మనోవేదనలో నుండెనని భావింపవలెననియు, అతనికి చికిత్సయు పునరావాసమును ప్రభుత్వము కల్పింపవలెననియు విధించినది. 2024 జులై 1 నుండి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, తన ప్రాణము తీసికొన యత్నించుటను మాత్రమే నేరముగ చెప్పిన పాత 309వ సెక్షను లేదు. కావున దాచకుడు. ఆలసింపకుడు. ఆసుపత్రికి పొండు.

ఇక కార్యక్రమము. లెక్కలవాడు కడపట నిలువ చూపవలెను గదా! ఈ సభ ముందు నాలుగు ప్రతిపాదనలు పెట్టుచున్నాను.

ఒకటి. పుస్తకములిచ్చు రిజిస్టరులో 60 ఏండ్లు దాటిన సభ్యుల పేర్లను వేరుగ గుర్తింపవలెను. ఎవరైనను రెండు వారములు రానిచో, మూడవ వారమున మనలో ఒకరు ఒక పుస్తకము చేతబట్టుకొని వారి ఇంటికి పోవలెను. బాకీ వసూలునకు కాదు. "ఎందుకు రాలేదు?" అని అడుగుటకు. చదువలేనివారికి ఒక పది పుటలు చదివి వినిపించుటకు.

రెండు. చదువురాని వృద్ధులకును, కండ్లు కనబడనివారికిని వారమునకొక సాయంకాలము పురాణపఠనము పెట్టవలెను. దర్గా వైపు వారును, దేవళము వైపు వారును కలిసి కూర్చుండునట్లు పత్రికయు చదువవలెను. వినుటకు మతము అడ్డు రాదు.

మూడు. గ్రంథాలయపు తలుపు మీద రెండు ఫోను నంబర్లు పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. ఒకటి 14416, 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము పెట్టిన టెలి మానస్. పగలు రాత్రి ఎప్పుడైనను, ఉచితముగ, తెలుగులోనే మాటాడవచ్చును. రెండవది 14567, వృద్ధుల కొరకు ఏర్పడినది. ఉదయము 8 మొదలు రాత్రి 8 దాక పలుకును. పింఛను రాకున్నను, ఇంట వేధింపు ఉన్నను, తోడు లేకున్నను చెప్పుకొనవచ్చును.

నాలుగు. ఎవరినైన ఆసుపత్రికి పిలుచుకొని పోవలసివచ్చినచో, బస్సు చార్జీ గ్రంథాలయ నిధినుండి ఇచ్చుటకు తీర్మానింపవలెను. ఆ పద్దు వ్రాయుటకు నేను సిద్ధముగ నున్నాను. ఆ పెద్దమనిషి వదలిపెట్టిన డిపాజిటు సొమ్ము మన పుస్తకములో ఇంకను అట్లే నిలువయున్నది. ఏ ఖాతాకు మార్చుటకును నాకు చేయి రాలేదు. ఈ ఖాతాకు మొదటి జమగా దానిని వ్రాసెదను.

గ్రంథాలయమన ఇంతేనా, పుస్తకముల పని వదలి ఇండ్లు తిరుగుటేమిటి యని ఎవరైన అనవచ్చును. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నిలబెట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారి కాలమునాడు, గ్రంథాలయములవారు పుస్తకములను పడవల మీద వేసికొని పాఠకుల ఊళ్లకు పోయిరి. పాఠకుడు రాలేనిచో పుస్తకమే పోవలెనన్నది మన ఉద్యమములోని పాత ధర్మము. నేను కొత్తగా చెప్పుచున్నది లేదు.

చివరకు ముందు వరుసలోని పెద్దలతో ఒక మాట. మీలో ఎవరికైనను రాత్రివేళ ఆ తలపు వచ్చుచున్నచో, అది మీ తప్పు కాదు. మీరు చెడ్డవారు కారు. అది వ్యాధి పలుకు పలుకు. ఆ పలుకును లోపల దాచుకొనకుడు. కొడుకుతో చెప్పుడు, కోడలితో చెప్పుడు, ఆశా కార్యకర్తతో చెప్పుడు. ఎవరును లేరని తోచిన, ఆ నంబరునకు ఫోను చేయుడు. ఫోను చేయుట రాదందురా, గ్రంథాలయమునకు రండు. లెక్కలవాడు అక్కడనే యుండును. అర్ధరాత్రియైనను మా వాకిలి తట్టుడు. విదురునంతటి జ్ఞానము నాకు లేదు గాని, ప్రక్కన కూర్చుండుట నాకు చేతనగును.

ఇరువదియైదేండ్ల రిజిస్టరులో వచ్చినవారి లెక్క నేను సరిగనే వ్రాసితిని. ఇకమీదట రానివారి లెక్క కూడ వ్రాయుదమని వేడుకొనుచున్నాను.